సెలవియ్యనన్నది ఎవరికి?

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. నా వయసు 36. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా సంఘంలో పదకొండేళ్లుగా సండే స్కూలు నాదే. మొన్న వరదల్లో కాజ్‌వే మునిగిపోయి, అవతలి గట్టు నుంచి రావలసిన దైవసేవకుడు రాలేకపోయారు. ఆరాధనకు ముప్పై మందిమి చేరాం. సంఘ పెద్దల్లో ఒకాయన "అమ్మా, నువ్వే ఒక మాట చెప్పు" అన్నారు. 46వ కీర్తన చదివి ఇరవై నిమిషాలు మాట్లాడాను. పై ఆదివారం ఇంకో పెద్ద లేచి, మొదటి తిమోతి 2:12 చదివి, స్త్రీ పురుషులకు బోధించడం వాక్య విరోధమనీ, సంఘానికి శాపం తగులుతుందనీ అన్నారు. నన్ను చెప్పమన్న పెద్దాయన తల దించుకుని కూర్చున్నారు. ఇప్పుడు పన్నెండేళ్లు దాటిన మగపిల్లలకు కూడా పాఠం చెప్పకూడదంటున్నారు. మా అత్తగారు "పెద్దలతో మనకెందుకమ్మా" అని ఏడుస్తున్నారు. మా ఆయన ఏమీ అనరు. నేను నిజంగా తప్పు చేశానా? ఆ వచనానికి అర్థమేమిటి? సంఘం మారిపొమ్మంటారా? (పేరు, ఊరు వేయవద్దు.)

సమాధానం:

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకోండి. మీరు పాపం చేయలేదు. చుట్టూ వరద నీళ్లు, లోపల బిక్కుబిక్కుమంటున్న ముప్పై మంది. పెద్ద అడిగితే కీర్తన చదివి ధైర్యం చెప్పారు. దానికి శాపమేమిటి? ఆ వచనం దగ్గర శాపమన్న మాటే లేదు. అది ఆ పెద్దమనిషి సొంతంగా చేర్చుకున్నది.

మీరు ఎంచుకున్న కీర్తన గురించి ఒక ముచ్చట. ఆ కీర్తనకు పైన "అలామోతు అను రాగముమీద" అని ఉంటుంది, చూశారా? హెబ్రీలో ఆ మాటకు కన్యకలు అని అర్థం. ఆడగొంతుల శ్రుతిలో పాడేదని కొందరు పండితుల ఊహ. నీళ్లు ఘోషించినా, పర్వతాలు కదిలినా మనం భయపడబోమని ధైర్యం చెప్పే ఆ కీర్తన మొదట్లో ఆడపిల్లల గొంతులోనే వినిపించిందేమో. దీన్ని మీ వాదనకు వాడుకోమని చెప్పడం లేదు. నాకు నచ్చి చెప్పాను, అంతే.

ఇక వచనం సంగతి. స్త్రీ మౌనంగా ఉండాలి గానీ, ఉపదేశించడానికైనా, పురుషుని మీద అధికారం చేయడానికైనా ఆమెకు సెలవియ్యనని అపొస్తలుడైన పౌలు అన్న మాట అది.

తిమోతికి రాసింది ఉత్తరం. ఉత్తరమన్నాక రాసినవాడు ఒకడు, అందుకున్నవాడు ఒకడు, వాళ్లిద్దరికీ తెలిసిన గొడవ ఒకటి ఉంటాయి. ఆ గొడవ మొదటి అధ్యాయంలోనే ఉంది. ఎఫెసులో ఉండి, తప్పుడు బోధ చేసేవాళ్లను ఆపమని తిమోతికి పౌలు చెప్పిన పని అది. వాళ్లు ధర్మశాస్త్ర బోధకులు కావాలనుకుంటారు గానీ, తాము చెప్పేది తమకే తెలియదని కూడా అంటాడు. అయిదో అధ్యాయంలో ఇల్లిల్లూ తిరిగి మాటలు మోసే పడుచు విధవరాండ్ర ప్రస్తావన వస్తుంది. రెండో ఉత్తరం మూడో అధ్యాయంలో, కొందరు బోధకులు ఇళ్లలోకి చొరబడి స్త్రీలను చెరపట్టినట్టు లోబరచుకుంటున్నారని రాశాడు. ఎఫెసు అర్తెమిదేవి గుడి ఉన్న ఊరన్నది కూడా మరచిపోకూడదు. ఆ దేవత పేరు చెప్పి ఊరంతా రెండు గంటలు కేకలు వేసిన సంగతి అపొస్తలుల కార్యములు 19లో ఉంది. ఇంత గందరగోళం మధ్య రాసిన మాట "స్త్రీకి సెలవియ్యను" అన్నది.

మన డెల్టా మాటల్లో చెప్పాలంటే, కాలవకు గండి పడిన రోజున ఫలానా కాలవకు నీళ్లు వదలనని లాకుల దగ్గర ఆఫీసరు కాగితం రాస్తాడు. ఆ కాగితం నిజం, ఆ సంతకమూ నిజమే. గండి పూడ్చిన తరువాత కూడా ఆ కాగితం చూపించి నీళ్లు ఆపితే రైతు ఊరుకుంటాడా?

అయితే ఈ పోలిక అవతలివాళ్లు ఒప్పుకోరు. వాళ్ల దగ్గర ఉన్న గట్టి మాట మీకు దాచడం న్యాయం కాదు. 13వ వచనంలో పౌలు ఎఫెసు గొడవ ఎత్తలేదు. "మొదట ఆదామును తరువాత హవ్వయును నిర్మింపబడిరి కదా" అన్నాడు. కారణం సృష్టిలోనే ఉంటే ఆజ్ఞ ఒక్క ఊరికి కాదు, అన్ని కాలాలకూ వర్తిస్తుందని వాళ్ల వాదన. చదువుకున్నవాళ్లూ, భక్తిపరులూ, భార్యను గౌరవంగా చూసుకునేవాళ్లూ ఎంతోమంది మనఃపూర్వకంగా ఇలాగే నమ్ముతారు. మీ పెద్దను ఆడవాళ్లంటే గిట్టనివాడని అనుకోకండి. ఆయన నమ్మకం అది.

దానికి నా జవాబు ఇది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11లోనూ పౌలు సృష్టి క్రమాన్నే ఎత్తుతాడు, పురుషుడు స్త్రీ నుంచి కలుగలేదని. కానీ అక్కడ దాని ఆధారంగా ఆడదాని నోరు మూయించలేదు. ముసుకు వేసుకుని ప్రార్థన చేయమన్నాడు, ప్రవచించమన్నాడు. వెంటనే మళ్లీ, పురుషుడు కూడా స్త్రీమూలముగా కలిగెనని తూకం సరిచేశాడు. ఇక హవ్వ మోసపోయిన సంగతి రెండో కొరింథీ పత్రిక 11:3లో సంఘం మొత్తానికి, మగా ఆడా అందరికీ హెచ్చరికగా వాడాడు. కాబట్టి ఆదాము హవ్వల పేర్లు వచ్చినంత మాత్రాన ఆడవాళ్లు ఎప్పటికీ వాక్యం చెప్పకూడదని తేలిపోదు.

ఇంకో రెండు మాటలు చూడండి. ఆ వచనంలో "అధికారము చేయుట" అని మన బైబిల్లో ఉన్నచోట గ్రీకులో అవ్తెంతెయిన్ అనే మాట ఉంది. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ ఒక్కచోటే వస్తుంది. పౌలు అధికారమనేదానికి మామూలుగా వాడే మాట ఇది కాదు. పెత్తనం లాక్కోవడం, నెత్తినెక్కి కూర్చోవడం అనే అర్థం అందులో ఉందని కొందరు, మామూలు అధికారమేనని కొందరు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. రెండోది "మౌనముగా" అన్న మాట. గ్రీకులో హేసుఖియా. అదే అధ్యాయం రెండో వచనంలో విశ్వాసులందరూ "నెమ్మదిగాను సుఖముగాను" బ్రతకాలని ఉంది కదా, అక్కడున్నదీ అదే మూలం నుంచి వచ్చిన మాట. రెండో థెస్సలొనీకయ పత్రిక 3:12లో పని మానేసి తిరిగేవాళ్లను నెమ్మదిగా పని చేసుకోమన్నచోటా అదే. వాళ్లు పెదవి కదపకుండా పని చేసుకోవాలని ఎవరైనా అర్థం చెప్పారా? అలజడి లేకుండా ఉండడమది. 11, 12 వచనాల్లో సూటిగా ఆజ్ఞ రూపంలో ఉన్నది ఒకే ఒక క్రియ: "నేర్చుకొనవలెను". ఆడది నేర్చుకోవాలన్నదే అక్కడి ఆజ్ఞ. దాని మీద ఎవరూ ప్రసంగం చేయగా నేను వినలేదు.

ఒకే వచనాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి అనేవాళ్లను ఆ పేరా మొత్తం ఉన్నది ఉన్నట్టు తీసుకోమనండి. పైన తొమ్మిదో వచనంలో జడలు, బంగారం, ముత్యాలు వద్దని ఉంది. మన దగ్గర కొన్ని పెంతెకొస్తు సంఘాల్లో బాప్తిస్మం రోజున బంగారం తీసేస్తారు. వాళ్లది మాట మీద నిలబడే పద్ధతి, వాళ్లకో నమస్కారం. కానీ మెడలో కాసులపేరు వేసుకుని ముందు వరసలో కూర్చున్న ఇల్లాలిని ఏమీ అనకుండా పన్నెండో వచనం దగ్గరికి రాగానే గొంతు పెంచేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇక 15వ వచనం, "శిశుప్రసూతిద్వారా ఆమె రక్షింపబడును" అన్నది. అక్కడికి వచ్చేసరికి అందరూ "దీన్ని సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి" అంటారు. పిల్లలు లేని అక్కచెల్లెళ్లు రక్షణ పొందరా మరి? సందర్భం చూడాలంటే మూడు వచనాలు ముందు నుంచే చూద్దాం.

మీ పెద్ద రేపు మొదటి కొరింథీ 14:34 కూడా తీస్తారు, "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అని. అది తీయగానే మూడు పుటలు వెనక్కి తిప్పమనండి. 11:5లో ముసుకు లేకుండా ప్రార్థించే, ప్రవచించే స్త్రీ గురించి ఉంది. మాట్లాడకూడని చోట మాట్లాడేటప్పుడు తలమీద ఏముండాలో చెప్పడమెందుకు? ప్రవచనమంటే ఏమిటో 14:3 చెబుతుంది: వినేవాళ్లకు క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ కలిగేలా మాట్లాడడం. వరద రోజున మీరు చేసింది దాదాపు అదే. మీరు లెక్కల టీచరు. రెండు సమీకరణాలు ఇచ్చినప్పుడు రెండింటికీ సరిపోయే విలువే జవాబు, ఒకదాన్ని కొట్టేసి రెండోదానికి మార్కులు వేయరు కదా. 14లో మౌనంగా ఉండమన్నది ఆడవాళ్లకు ఒక్కరికే కాదు. అర్థం చెప్పేవాడు లేనప్పుడు తెలియని భాషలు మాట్లాడేవాడికీ, ఇంకొకరికి దేవుని మాట బయలుపడినప్పుడు మాట్లాడుతున్న ప్రవక్తకూ అదే గ్రీకు క్రియ వాడాడు. అందరూ ఒక్కసారే మాట్లాడే కూడికను దారిలో పెట్టడానికి రాసిన అధ్యాయం అది. 35వ వచనంలో ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఇంట్లో భర్తను అడగమనడం చూస్తే, మధ్యలో ప్రశ్నలు వేసే అలజడి గురించే అనిపిస్తుంది నాకు. ఆ రెండు వచనాలు కొన్ని పాత ప్రతుల్లో అధ్యాయం చివర ఉంటాయన్న సంగతి కూడా ఉంది. అది మీ సంఘంలో ఎత్తకండి. అసలు విషయం పక్కకుపోయి, బైబిలునే తప్పు పడుతోందన్న పేరు మీ మీద పడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇంకోటి ఉంది. ఈ ఉత్తరం అందుకున్న తిమోతికి లేఖనాలు ఎవరు నేర్పారు? తండ్రి గ్రీసు దేశస్థుడు. అవ్వ లోయి, తల్లి యునీకే, వాళ్ల విశ్వాసమే నీలోనూ ఉందని పౌలే రాశాడు. బాల్యం నుంచీ పరిశుద్ధ లేఖనాలు నీకు తెలుసునని కూడా అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు మగపిల్లవాడికి చెప్పిన పాఠం ఎఫెసు సంఘాన్ని నిలబెట్టింది. మరి పన్నెండో పుట్టినరోజున పాఠం ఆపేశారా వాళ్లు? ఆ వయసు గీత మీ పెద్దలకు ఎక్కడ దొరికిందో అడగండి. బైబిల్లో అయితే లేదు.

అదే ఎఫెసులో ప్రిస్కిల్ల, అకుల ఉన్నారు. అపొల్లో అలెక్సంద్రియ నుంచి వచ్చిన విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. ఆయనకు ఆ భార్యాభర్తలు దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా విశదపరిచారు. మన బైబిల్లో ఈ దంపతుల పేర్లు ఆరుసార్లు వస్తే, నాలుగుసార్లు భార్య పేరే ముందుంది. "ఇంట్లో చెప్పారు, సంఘంలో కాదు కదా" అంటారు. అప్పటికి సంఘం కూడేదే ఇళ్లలో, వీళ్ల ఇంట్లో కూడిన సంఘం సంగతి కొరింథీ పత్రికలోనే ఉంది. కెంక్రేయలోని ఫీబేను సంఘ పరిచారకురాలు అన్నచోట వాడిన మాటే పౌలు తనకూ అపొల్లోకూ వాడుకున్నాడు. ఇక పాత నిబంధనలో, యోషీయా కాలంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు రాజు పంపిన యాజకుడు హిల్కీయా, మిగతా పెద్దమనుషులు ఆ మాటల సంగతి విచారించడానికి హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి వెళ్లారు. యిర్మీయా అప్పటికే ప్రవక్త. మగవాళ్లు దొరక్కనే ఆడదాన్ని లేపాడు దేవుడు అనేవాళ్లకు ఇది చెప్పండి.

మన ఊళ్ల సంగతికి వద్దాం. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను వల్ల నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల బ్రదరన్ సహవాసాలు వెలిశాయి. ఆరాధనలో సహోదరులే లేచి మాట్లాడడం, సహోదరీలు ముసుగుతో మౌనంగా ఉండడం అక్కడి పాత పద్ధతి. మీ సంఘం ఆ వరసలోదే అయితే, మీ పెద్ద తన తాతల నాటి అలవాటును కాపాడుకుంటున్నాడు. దాన్ని అర్థం చేసుకోండి. కానీ ఆ రోజుల్లోనే మిషన్లు బైబిలు స్త్రీలను కూడా పెట్టుకున్నాయి, మగవాళ్లకు లోగిలి దాటనివ్వని ఇళ్లలోకి వాళ్లే వెళ్లగలరు గనుక. మా అమ్మమ్మ అలాంటి మనిషి. గొడుగు, గుడ్డసంచి, కాలవ పడవ. లోపల ఆడవాళ్లు లేసు అల్లుకుంటూ కూర్చుంటే ఆమె వాక్యం చదివి అర్థం చెప్పేది. బయట అరుగు మీద చుట్ట కాలుస్తూ ఇంటి మగవాళ్లు వినేవాళ్లు. "మీరు లేచి వెళ్లండి, నేను ఆడవాళ్లకే చెప్పాలి" అని ఆమె అనలేదు, వాళ్లూ లేవలేదు. ఆ అరుగుల మీద విన్నవాళ్ల మనవలు కొందరు ఇవాళ సంఘ పెద్దలు.

ఇప్పటికీ మన దగ్గర ఇదే వరస. ఆడమనిషి వేదిక కింద నిలబడి అరగంట మాట్లాడితే సాక్ష్యం. అవే మాటలు మైకు స్టాండు దగ్గర మాట్లాడితే వర్తమానం, అంటే ప్రసంగం. మొదటిదానికి ఆమేన్, రెండోదానికి తిమోతి. పాటలు కట్టించి పాడిస్తారు, కీర్తనలతో సంగీతాలతో ఒకరికొకరు బోధించుకోండన్న కొలొస్సయి 3:16 మాత్రం గుర్తుకు రాదు.

సంఘాల మధ్య తేడాలు తెలుసుకోండి, లేకపోతే మీది ప్రపంచంలో ఒంటరి గొడవ అనిపిస్తుంది. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లో స్త్రీలు గురువులు, అంటే పాస్టర్లు, అవుతారు. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల అధ్యక్షమండలానికి బిషప్పయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు ఆవిడే. కతోలికులు స్త్రీలకు గురుపట్టం ఇవ్వరు. కానీ 1970లో అవిలాపురి తెరేసాను, సియెన్నా కేతరీనాను సభకంతటికీ పండితులుగా ప్రకటించారు. పెంతెకొస్తు సంఘాల్లో చాలాచోట్ల పాస్టరమ్మగారే గట్టి ప్రసంగీకురాలు. ఒకే బైబిలు, ఒకే గోదావరి, మూడు పద్ధతులు.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెప్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఒకటే, ఈ గొడవ మీదీ తిమోతిదీ కాదు. ఇద్దరు పెద్దలది. ఒకాయన మిమ్మల్ని చెప్పమన్నారు, ఇంకొకాయనకు అది నచ్చలేదు. రెండో ఆయన మొదటి ఆయనను అడగాల్సిన మాట మిమ్మల్ని అన్నారు. మొదటి ఆయన తల దించుకున్నారు. నాకు కోపం వచ్చింది ఆ తల దించుకున్న మనిషి మీదే. ముందు ఆయన ఇంటికి వెళ్లండి, మీ అత్తగారిని వెంటబెట్టుకుని. "అయ్యా, మీరు చెప్పమంటే చెప్పాను, ఆ ఒక్క మాట పెద్దల కూడికలో మీ నోటితో చెప్పండి" అనండి. అంతకన్నా ఏమీ అడగొద్దు. అత్తగారు ఎందుకంటే, ఆవిడ భయం ఊళ్లో పరువు గురించి. మీరు పెద్దల మీదకు పోట్లాటకు వెళ్లడం లేదని కళ్లారా చూస్తే సగం నెమ్మదిస్తారు.

మీ ఆయన ఏమీ అనరన్నారు. అనకపోవడం రెండు రకాలు. ఒప్పుకోక అనకపోవడం, ఏమనాలో తెలియక అనకపోవడం. ఏదో మీరే అడిగి తెలుసుకోండి. పెద్దల కూడికకు పిలుపు వస్తే ఆయన మీ పక్కన కూర్చోవాలి, మాట్లాడకపోయినా సరే.

ఆ కూడికలో వాదించకండి. పైన నేను రాసినదంతా అక్కడ గుమ్మరించకండి, లెక్కల టీచరు పెద్దలకు పాఠం చెబుతోందని ఇంకో పేరు వస్తుంది. ఒక్క ప్రశ్న చాలు: మొదటి కొరింథీ 11:5, 14:34 రెండూ పక్కపక్కన చదివి, ఈ రెండూ ఒకేసారి ఎలా పాటించాలో చెప్పండయ్యా, నేర్చుకుంటాను అనండి. నేర్చుకోమన్నదే కదా ఆజ్ఞ.

వాళ్లు చివరికి "మా సంఘ క్రమం ఇది, స్త్రీలు వర్తమానం ఇవ్వరు" అంటే, దాన్ని క్రమంగా ఒప్పుకోండి. సంఘానికి తన వేదిక మీద ఎవరు నిలబడాలో తేల్చుకునే హక్కు ఉంది. కానీ "నువ్వు పాపం చేశావు, శాపం తెచ్చావు" అన్నది ఒప్పుకోవద్దు. క్రమం వేరు, పాపం వేరు. ఆ మాట వెనక్కి తీసుకోమని మెల్లగానే, గట్టిగా అడగండి. సంఘమంతటి ముందు అన్నారు గనుక సంఘమంతటి ముందే తీసుకోవాలి.

పెద్దపిల్లల క్లాసు ఇచ్చేయమంటే రిజిస్టరు ఇచ్చేయండి. పిల్లల్ని మీ ఇంటికి పిలిచి పోటీ క్లాసు పెట్టకండి. దాంతో తల్లిదండ్రులు రెండు జట్లవుతారు, పిల్లలు నలిగిపోతారు. కానీ రిజిస్టరు ఇచ్చేటప్పుడు, వచ్చే ఆదివారం నుంచి ఎవరు చెబుతారో పేరు అడగండి. ఎనిమిదో తరగతి కుర్రాళ్లకు సమూయేలు గ్రంథం చెప్పి గంటసేపు కూర్చోబెట్టడం అందరి వల్లా అయ్యే పని కాదని మీకు తెలుసు. నాకు తెలిసినంతలో ఆ రిజిస్టరు మూడు వారాల్లో మళ్లీ మీ ఇంటికే వస్తుంది. రాకపోతే, బాగా చెప్పేవాడు దొరికాడని సంతోషించండి, చిన్నపిల్లలు ఎలాగూ మీ దగ్గరే ఉంటారు.

సంఘం మారే మాట ఏడాదిపాటు ఎత్తకండి. పదకొండేళ్లు పాఠం చెప్పిన పిల్లలు అక్కడున్నారు, అత్తగారి స్నేహితులు అక్కడున్నారు, వరద వస్తే మీ ఇంటి బియ్యం బస్తా ఎత్తు మీదకు చేర్చేది ఆ మనుషులే. ఏడాది తరువాత కూడా శాపం మాట మీ మీద అలాగే ఉంటే, పెద్దలకు చెప్పే వెళ్లండి. దొంగచాటుగా ఆదివారాలు మానేసి కాదు.

ఈలోగా గురువారం స్త్రీల కూడిక ఏమైనా ఉంటే రోమా 16వ అధ్యాయం చదివించండి. పేర్ల జాబితా కదా అని అందరూ దాటేస్తారు. ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. ఒక్కొక్క పేరు ఒక్కొక్కరి చేత గట్టిగా చదివించండి, మీ అత్తగారి చేత కూడా.